కళ్లు తిరిగినప్పుడు ముందు చేయాల్సిన పరీక్ష ఏది?

తల తిరుగుతోందని ఆసుపత్రికి వెళ్లిన మనిషికి చాలాసార్లు జరిగేది ఇది. బీపీ చూస్తారు. రక్తపరీక్షలు రాస్తారు. తలకు సీటీ స్కాన్, మెడకు ఎక్స్‌రే తీయిస్తారు. స్కాన్‌లో ఏమీ లేదంటారు, ఎక్స్‌రేలో మెడ ఎముకలు కాస్త అరిగాయంటారు. మాత్రలు ఇచ్చి పంపుతారు. కొన్నాళ్లకు ఆ మనిషి మంచం మీద పక్కకు తిరగగానే గది మళ్లీ గిర్రున తిరుగుతుంది. అంత ఖర్చు, అంత టెన్షన్ తర్వాత కూడా జబ్బు పేరు తేలలేదు. ఎందుకంటే దాన్ని పట్టించే పరీక్షను ఎవరూ చేయలేదు. దానికి యంత్రం అక్కర్లేదు. ఒక మంచం, రోగి కళ్లను నిలకడగా గమనించే డాక్టరు ఉంటే కొద్ది నిమిషాల్లో అయిపోతుంది.

వర్టిగో, అంటే ఇలా గిర్రున తిరుగుతున్నట్టు అనిపించడం, విషయంలో చాలా పొరపాట్లు పరీక్షలు చాలక జరుగుతున్నవి కావు. ఏ ప్రశ్నకు జవాబు కావాలో తేల్చుకోకముందే పరీక్ష రాయడం వల్ల జరుగుతున్నవి. ఈ రంగంలో ఏ పరీక్షా అన్ని జబ్బులనూ పట్టదు. ఒకదానికి ప్రాణం కాపాడేంత పనికొచ్చే పరీక్ష ఇంకోదానికి తప్పుడు జవాబు ఇస్తుంది. అందుకే ఇక్కడ పరీక్ష ఎంత ఖరీదైనదన్నది కాదు, దాన్ని ఎవరికి, ఎప్పుడు చేశారన్నదే ముఖ్యం.

ముందు శరీరం బ్యాలెన్స్‌ను ఎలా నిలుపుకుంటుందో కొంచెం చూడాలి. ఒక్కో లోపలి చెవిలో మూడు అర్ధవృత్తాకార కాలువలు ఉంటాయి. తల ఎటు తిరిగినా వాటిలోని ద్రవం కదిలి ఆ సంగతి మెదడుకు చేరవేస్తుంది. వాటి పక్కనే యుట్రికిల్, శాక్యూల్ అనే రెండు చిన్న సంచులు ఉంటాయి. కాల్షియం కార్బనేట్ స్ఫటికాల సాయంతో ఇవి తల వంపునూ ముందుకు వెనక్కు కదలడాన్నీ కనిపెడతాయి. మనిషి కదలకుండా కూర్చున్నా రెండు చెవుల నుంచీ సంకేతాలు ఆగకుండా వెళుతూనే ఉంటాయి. ఒకే కాడికి కట్టిన రెండు ఎడ్లు సమానంగా లాగినంతసేపూ బండి తిన్నగా పోతుంది, ఒకటి హఠాత్తుగా డీలా పడితే బండి పక్కకు తిరిగిపోతుంది. చెవుల సంగతీ అంతే. ఒక చెవి సంకేతం పడిపోగానే తల తిరుగుతున్నట్టు మెదడు భావిస్తుంది.

ఈ లోపలి చెవి కళ్లతో నేరుగా ముడిపడి ఉంది. తల కుడికి తిరిగితే చూపు చెదరకుండా కళ్లు అంతే వేగంగా ఎడమకు కదలాలి. ఆ పని చేయించేది చెవే. కాబట్టి చెవిలోనో, దాన్ని మెదడుకు కలిపే దారిలోనో తేడా వస్తే అది కళ్లలో బయటపడుతుంది. కనుగుడ్లు ఒకవైపు నెమ్మదిగా జారి, రెండోవైపు చటుక్కున వెనక్కు గుంజుకుంటుంటాయి. దీన్నే నిస్టాగ్మస్ అంటారు. అది ఏ దిశలో కొడుతోంది, ఎంతసేపు ఉంటోంది, చూపు మార్చితే దిశ మారుతోందా అన్నవి చూస్తే తేడా ఎక్కడుందో చాలావరకు తెలుస్తుంది. లోపలి చెవి పుర్రె ఎముక లోతుల్లో దాగి ఉంటుంది, దాన్ని తెరిచి చూడలేం. దాని పనితీరును బయటి నుంచి చూపించే కిటికీ కళ్లే.

కళ్లు చూడటానికి ముందు మాట్లాడాలి. చాలాకాలం డాక్టర్లు వేసిన మొదటి ప్రశ్న 'ఎలా ఉంటోంది?' అనేది. గది తిరుగుతోందా, స్పృహ తప్పుతున్నట్టుందా, తూలుతున్నారా, తల తేలికగా ఉందా అని నాలుగు రకాలుగా విడగొట్టే పద్ధతి 1972లో వచ్చిన ఒక పరిశోధనా పత్రంతో స్థిరపడింది. గది తిరిగితే చెవి, కళ్లు చీకట్లు కమ్మితే గుండె అన్నట్టు లెక్క తేలిపోయేది. కానీ రోగుల వర్ణన నిలకడగా ఉండదు. 2007లో వెలువడిన ఒక అధ్యయనంలో అత్యవసర విభాగాలకు వచ్చినవారిని కొద్ది నిమిషాల తేడాతో రెండుసార్లు ఇదే అడిగితే సగం మందికి పైగా రెండోసారి వేరే జవాబు ఎంచుకున్నారు. వాళ్లు అబద్ధం చెప్పలేదు. ఆ అనుభూతి అంత తేలిగ్గా మాటల్లో పట్టుబడేది కాదు. అదే వ్యక్తులు ఎంతసేపు ఉంటోంది, ఏం చేస్తే వస్తోంది అన్నవి మాత్రం చాలా నమ్మకంగా చెప్పగలిగారు.

అందుకే ఇప్పుడు కాలానికీ కారణానికీ పెద్దపీట వేస్తున్నారు. పడుకున్నప్పుడో, పక్కకు దొర్లినప్పుడో, పైకి చూసినప్పుడో మొదలై నిమిషం లోపు ఆగిపోయేది ఒక రకం. ఏ కదలికా లేకుండా తనంతట వచ్చి నిమిషాల నుంచి గంటల దాకా ఉండి పోయి, మళ్లీ వచ్చేది ఇంకో రకం. ఒక్కసారిగా పట్టుకుని రోజుల తరబడి వదలనిది మూడోది. నెలల తరబడి రోజూ ఉండే అస్థిరత వేరే కథ. ఈ విభజన జరిగిన తర్వాతే ఏ పరీక్ష అన్న మాట రావాలి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, అనుభవం ఉన్నవాళ్లు కూడా కొన్నిసార్లు ఇందులో పడతారు. తల కదిపితే వర్టిగో పెరగడం వేరు, తల కదిపితేనే వర్టిగో రావడం వేరు. మొదటిది దాదాపు అన్ని వర్టిగోల్లోనూ ఉంటుంది. చెవి నరం వాచినా, చిన్నమెదడులో రక్తప్రసారం ఆగినా తల కదిపితే బాధ ఎక్కువవుతుంది. కదలకుండా ఉన్నప్పుడు అసలేమీ లేకుండా, ఫలానా భంగిమలోకి వెళితే మాత్రమే వచ్చి కాసేపట్లో ఆగిపోతే అది రెండోది. 'కదిపితే వస్తోందా?' అని అడిగి ఊరుకుంటే ఈ రెండూ కలిసిపోతాయి. 'కదలకుండా పడుకుంటే పూర్తిగా పోతోందా?' అని అడిగితే విడిపోతాయి.

అలా తల కదిపితేనే వచ్చే వర్టిగోలో ఎక్కువగా కనిపించేది బీపీపీవీ, అంటే తల భంగిమ మారితే కాసేపు వచ్చిపోయే వర్టిగో. యుట్రికిల్‌లో ఉండాల్సిన స్ఫటికాలు ఊడి కాలువలో పడటం వల్ల వస్తుంది. వర్టిగో జబ్బుల్లో అన్నిటికన్నా తరచుగా కనిపించేదీ, అక్కడికక్కడే నయం చేయగలిగేదీ ఇదే. దీనికి చేసే డిక్స్-హాల్‌పైక్ పరీక్షను 1952లో మార్గరెట్ డిక్స్, చార్లెస్ హాల్‌పైక్ వివరించారు. రోగిని మంచం మీద కూర్చోబెట్టి, తలను ఒకవైపు 45 డిగ్రీలు తిప్పి, అలాగే పట్టుకుని వెనక్కు పడుకోబెడతారు. తల మంచం అంచు దాటి కాస్త కిందికి వాలాలి. కళ్లు తెరిచే ఉంచాలి. స్ఫటికాలు వెనుక కాలువలో ఉంటే కొన్ని సెకన్లు ఏమీ జరగదు, ఆ తర్వాత కళ్లు పైకి కొడుతూ, కింద ఉన్న చెవి వైపు మెలితిరుగుతూ కదులుతాయి. ఆ కదలిక ఉధృతమై, నిమిషంలోపే ఆగిపోతుంది. కూర్చోబెట్టగానే దిశ మారి మరోసారి కనిపించవచ్చు. ఆ కాస్త ఆలస్యం, ఆ మెలిక, ఆ తక్కువ వ్యవధి అన్నీ స్ఫటికాలు ద్రవంలో కదిలి కిందికి జారి ఆగిపోవడానికి సరిగ్గా సరిపోతాయి. ఒక జబ్బు తన భౌతిక కారణాన్ని ఇంత స్పష్టంగా కళ్ల ముందు పెట్టే సందర్భాలు వైద్యంలో చాలా అరుదు.

కొందరిలో స్ఫటికాలు అడ్డ కాలువలో పడతాయి. అప్పుడు డిక్స్-హాల్‌పైక్‌లో ఏమీ కనిపించకపోవచ్చు. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి తలను రెండు పక్కలకూ తిప్పి చూడాలి. ఈ రెండో పరీక్ష చేయకుండా 'బీపీపీవీ లేదు' అని రాసేయడం తరచుగా జరిగే తప్పు.

డిక్స్-హాల్‌పైక్ చేసేటప్పుడు రోగి భయపడతాడు, ఎందుకంటే పరీక్ష అంటేనే ఆ బాధను కావాలని రప్పించడం. 'ఇది వస్తుంది, అర నిమిషంలో పోతుంది, నేను పట్టుకునే ఉన్నాను' అని ముందే చెప్పాలి. అలా చెప్పని చోట రోగి కళ్లు గట్టిగా మూసుకుంటాడు, పరీక్ష వృథా అవుతుంది. ఫలితం రాగానే అదే మంచం మీద ఎప్లీ పద్ధతిలో తలను వరుసగా తిప్పి స్ఫటికాలను వాటి చోటుకు పంపవచ్చు. ఎక్కువమందికి ఒకటి రెండుసార్లలోనే నయమవుతుంది. మాత్రలు స్ఫటికాలను కదపలేవు. లక్షణాలు ఇలా కచ్చితంగా సరిపోయి, వేరే అనుమానాలేవీ లేనప్పుడు స్కాన్‌లూ, బ్యాలెన్స్ యంత్రాల పరీక్షలూ అవసరం లేదని 2017లో అమెరికా ఈఎన్‌టీ వైద్యుల సంఘం మార్గదర్శకాలు స్పష్టంగా చెప్పాయి. మెడ ఎక్స్‌రే సంగతి చెప్పనే అక్కర్లేదు. వయసు మీరినవారిలో ఏ బాధా లేకున్నా మెడ ఎముకల్లో అరుగుదల కనిపిస్తుంది. దాన్ని చూసి తల తిరగడానికి కారణం దొరికిందనుకుంటే అసలు కారణం వెతకడం ఆగిపోతుంది.

అసలు ప్రమాదం మూడో రకంలో ఉంది. నిన్నటి నుంచి వదలని వర్టిగో, వాంతులు, నిలబడలేకపోవడం. ఎక్కువసార్లు ఇది చెవి బ్యాలెన్స్ నరం వాపు. కొన్నిసార్లు మెదడు కాండంలోనో చిన్నమెదడులోనో స్ట్రోక్. చేయి పడిపోవడం, మూతి వంకర పోవడం లాంటి తెలిసిన గుర్తులు లేకుండానే ఈ స్ట్రోక్ రావచ్చు. అందుకే దీన్ని 'గ్యాస్' అనో 'చెవి' అనో అనుకుని ఇంటికి పంపేయడం జరుగుతుంది. చిన్నమెదడులో స్ట్రోక్ వచ్చిన చోట తర్వాతి రోజుల్లో వాపు పెరిగి మెదడు కాండాన్ని నొక్కితే ప్రాణం మీదికి వస్తుంది.

ఇక్కడ ఉపయోగపడేది హింట్స్ అనే మూడు భాగాల పరీక్ష. మొదటిది తలను చటుక్కున తిప్పి చూడటం. దీన్ని 1988లో హల్మాగీ, కర్తోయిస్ వివరించారు. రోగిని డాక్టరు ముక్కు మీద చూపు నిలపమని చెప్పి, తలను పట్టుకుని ఉన్నట్టుండి కొద్దిగా పక్కకు తిప్పుతారు. చెవి బాగుంటే చూపు ముక్కు మీదే నిలుస్తుంది. చెవి నరం దెబ్బతింటే కళ్లు తలతో పాటు పక్కకు పోయి, మళ్లీ గెంతి ముక్కు మీదికి వస్తాయి. రెండోది నిస్టాగ్మస్ దిశ. చెవి వల్ల వచ్చినదైతే ఎటు చూసినా ఒకే వైపు కొడుతుంది. కుడికి చూస్తే కుడికి, ఎడమకు చూస్తే ఎడమకు కొడితే మెదడును అనుమానించాలి. మూడోది కళ్లను మార్చి మార్చి మూసి, తెరిచిన కన్ను పైకో కిందికో సర్దుకుంటోందా అని చూడటం. అలా సర్దుకుంటే అదీ మెదడు వైపే వేలు చూపిస్తుంది.

ఇందులో సాధారణ బుద్ధికి ఎదురుగా ఉండే విషయం ఒకటుంది. వర్టిగో ఆగకుండా ఉన్న మనిషిలో తల తిప్పే పరీక్ష నార్మల్‌గా వస్తే అది మంచి వార్త కాదు. చెవి దారి సక్రమంగానే పనిచేస్తోందంటే, ఇంత తీవ్రమైన వర్టిగోకు కారణం ఇంకెక్కడో, బహుశా మెదడులో, ఉందని అర్థం. నార్మల్ అన్న మాట చూసి రోగిని పంపేసే అలవాటు ఇక్కడ ప్రాణాంతకం.

2009లో 'స్ట్రోక్' పత్రికలో వచ్చిన అధ్యయనంలో 101 మంది రోగులను ఇలా పరీక్షించారు. వాళ్లంతా బీపీ, షుగర్ లాంటి స్ట్రోక్ ముప్పు కారణాల్లో కనీసం ఒకటి ఉన్నవారు. హింట్స్ వారిలో స్ట్రోక్ కేసులన్నిటినీ గుర్తించింది. 96 శాతం కచ్చితత్వంతో చెవి జబ్బును వేరు చేసింది. అదే సమయంలో స్ట్రోక్ వచ్చినవారిలో 12 శాతం మందికి మొదట తీసిన ఎంఆర్ఐ నార్మల్ అని వచ్చింది. అవన్నీ లక్షణాలు మొదలైన 48 గంటలలోపు తీసినవి. అంటే కోట్ల రూపాయల యంత్రం చూడలేకపోయినదాన్ని, నేర్చిన చేతులూ కళ్లూ ముందే పట్టుకున్నాయి. ఇక సీటీ స్కాన్ మెదడులో రక్తస్రావాన్ని పట్టడానికి పనికొస్తుంది కానీ, పుర్రె వెనుక అడుగు భాగంలో రక్తనాళం మూసుకుపోయి వచ్చిన కొత్త స్ట్రోక్‌ను చాలాసార్లు చూపించదు. 'సీటీ బాగుంది కాబట్టి మెదడులో ఏమీ లేదు' అన్న ధైర్యానికి ఆధారం లేదు.

అలాగని హింట్స్‌ను అందరికీ చేసేయకూడదు. వర్టిగో ఆ క్షణంలో కొనసాగుతూ, నిస్టాగ్మస్ కనిపిస్తున్నవారికి మాత్రమే అది వర్తిస్తుంది. బీపీపీవీ రోగి తీరుబడిగా కూర్చుని ఉన్నప్పుడు చేస్తే తల తిప్పే పరీక్ష నార్మల్‌గానే వస్తుంది, లేని స్ట్రోక్‌ను అనుమానించి హడావుడి మొదలవుతుంది. పైగా 2009 అధ్యయనంలో పరీక్ష చేసింది ఇందులో ప్రత్యేక శిక్షణ పొందిన నిపుణులు. శిక్షణ లేని చేతుల్లో అంత కచ్చితత్వం రాదని తర్వాతి అనుభవం చూపించింది. స్ట్రోక్‌ను అనుమానించాల్సిన మరో రెండు గుర్తులకు అంత నైపుణ్యం కూడా అక్కర్లేదు. ఆసరా లేకుండా మంచం మీద కూర్చోలేనంత తూలు ఉందా? వర్టిగోతో పాటే ఒక చెవి వినికిడి హఠాత్తుగా పడిపోయిందా? లోపలి చెవికి రక్తం తెచ్చే నాళం సాధారణంగా చిన్నమెదడుకు వెళ్లే నాళపు కొమ్మే. కాబట్టి కొత్తగా చెవుడు వచ్చింది కదా, చెవి జబ్బే అయ్యుంటుందని తేలిగ్గా తీసుకోకూడదు.

యంత్రాల పరీక్షలకు వస్తే, వాటిలో అన్నిటికన్నా పాతది చెవిలో గోరువెచ్చని, చల్లని నీళ్లు పోసి చూసే కెలోరిక్ పరీక్ష. చెవులు కడిగేటప్పుడు నీళ్లు మరీ చల్లగానో వేడిగానో ఉంటే రోగులకు కళ్లు తిరుగుతున్నాయని రాబర్ట్ బారనీ గమనించడంతో ఇది మొదలైంది. ఈ కృషికి ఆయనకు 1914 సంవత్సరపు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ వార్త అందేసరికి ఆయన మొదటి ప్రపంచ యుద్ధంలో రష్యాకు ఖైదీగా చిక్కి ఉన్నారు. ఇప్పుడు 30, 44 డిగ్రీల నీళ్లు వాడతారు. చల్లని నీళ్లకు కళ్లు అవతలి చెవి వైపు, వెచ్చని నీళ్లకు అదే చెవి వైపు కొడతాయి. రెండు చెవుల స్పందనను పోల్చి ఏది బలహీనమో లెక్కిస్తారు. ఒక్కో చెవిని విడిగా పరీక్షించడం దీని బలం. అడ్డ కాలువను మాత్రమే, అదీ అతి నెమ్మది కదలికకు సమానమైన స్థాయిలో చూడటం దీని పరిమితి. కర్ణభేరికి చిల్లు ఉంటే నీళ్లు పోయకూడదు.

వీహెచ్‌ఐటీ అనే పరీక్ష, తలను చటుక్కున తిప్పే పరీక్షనే కెమెరా అమర్చిన కళ్లజోడుతో చేస్తుంది. ఆరు కాలువలనూ విడివిడిగా, వేగవంతమైన కదలికలో కొలుస్తుంది. కంటికి అందనంత చిన్న గెంతులను కూడా ఇది పట్టేస్తుంది. ఇది వచ్చాక పాత కెలోరిక్ అక్కర్లేదని కొందరు అనుకున్నారు, కానీ వర్టిగో, వినికిడి లోపం వచ్చి పోతుండే మెనియర్స్ అనే లోపలి చెవి జబ్బులో చాలామందికి కెలోరిక్ తేడాగా, వీహెచ్‌ఐటీ నార్మల్‌గా వస్తుంటుంది. రెండూ ఒకే చెవిని వేర్వేరు వేగాల దగ్గర అడుగుతున్నాయి, జవాబులు వేరవడంలో వింత లేదు. ఒకటి చేసి నార్మల్ అని చెప్పేముందు ఇది గుర్తుండాలి.

వెంప్ పరీక్షలో చెవిలో పెద్ద శబ్దం వినిపించి మెడ కండరంలోనూ కంటి కింద కండరంలోనూ వచ్చే స్పందనను నమోదు చేస్తారు. శాక్యూల్, యుట్రికిల్ పనితీరు దీనివల్ల తెలుస్తుంది. పెద్ద శబ్దానికో, తుమ్మినప్పుడో, బరువెత్తినప్పుడో కళ్లు తిరిగేవారికి ఇది బాగా పనికొస్తుంది. అలాంటివారిలో పై కాలువ మీద ఎముక పలచబడి తెరుచుకుపోయి ఉండవచ్చు. ఈ జబ్బును 1998లో లాయిడ్ మైనర్ బృందం వెలుగులోకి తెచ్చింది. ఇందులో చెవి ఎముకకు తీసే సన్నని పొరల సీటీ స్కానే దారి చూపుతుంది. ఇంతకుముందు పనికిరాదన్న సీటీయే ఇక్కడ సరైన పరీక్ష, అడిగే ప్రశ్న మారింది కాబట్టి. తిరిగే కుర్చీ, నిలబెట్టి చూసే ఫోర్స్ ప్లాట్‌ఫాం లాంటివి జబ్బు పేరు చెప్పడంలో కంటే లోపం ఎంతుంది, కోలుకోవడం ఎలా సాగుతోంది అన్నది చూడటానికి ఎక్కువ ఉపయోగం.

ఇన్ని యంత్రాల మధ్య వినికిడి పరీక్ష వెనకబడిపోతుంది. నిజానికి వచ్చి పోయే వర్టిగోలో మొదట రాయాల్సింది అదే. 2015లో అంతర్జాతీయంగా ఖరారైన ప్రమాణాల ప్రకారం మెనియర్స్ అని కచ్చితంగా చెప్పాలంటే 20 నిమిషాల నుంచి 12 గంటల దాకా ఉండే వర్టిగో కనీసం రెండుసార్లు రావాలి, దానితో పాటు ఆ చెవిలో తక్కువ, మధ్య స్థాయి ధ్వనుల వినికిడి తగ్గినట్టు వినికిడి పరీక్షలో (ఆడియోమెట్రీ) కనీసం ఒకసారి నమోదు కావాలి. మొదటి దశల్లో ఆ లోపం వచ్చి పోతుంటుంది. నెల తర్వాత అపాయింట్‌మెంట్ దొరికి పరీక్ష చేయించుకునేసరికి వినికిడి మామూలైపోయి ఉంటుంది. కాబట్టి దాడి వచ్చిన రోజో మర్నాడో చేయించడమే మేలు. ఒక చెవిలో మాత్రమే వినికిడి క్రమంగా తగ్గుతూ వస్తే, నరం మీద గడ్డ లేదని తేల్చుకోవడానికి ఎంఆర్ఐ తప్పనిసరిగా తీయించాలి.

చాలామందికి పరీక్షలన్నీ నార్మల్‌గానే వస్తాయి. దాన్ని 'అంతా మీ ఊహ' అని అర్థం చేసుకుంటే రోగికి తీరని అన్యాయం చేసినట్టే. వర్టిగోకు ముఖ్య కారణాల్లో ఒకటైన వెస్టిబ్యులర్ మైగ్రేన్‌ను నిర్ధారించే యంత్రం ఇప్పటిదాకా లేదు. 5 నిమిషాల నుంచి 72 గంటల దాకా ఉండే దాడులు కనీసం ఐదు, మైగ్రేన్ చరిత్ర, వాటిలో సగం దాడులకైనా తలనొప్పో, వెలుతురూ శబ్దమూ భరించలేకపోవడమో తోడవడం, ఇవే ఆధారాలు. పీపీపీడీ అనే దీర్ఘకాలిక అస్థిరత కూడా అంతే. మూడు నెలలకు పైగా, దాదాపు రోజూ, నిలబడితేనో జనం రద్దీలో నడిస్తేనో ఎక్కువయ్యే తూలు ఇది. చాలాసార్లు చెవి జబ్బు తగ్గాక కూడా మెదడు పాత జాగ్రత్తను వదులుకోలేక ఇది మిగిలిపోతుంది. దీన్ని రోగి చెప్పే తీరు నుంచే గుర్తుపట్టాలి, పరీక్షల మీద పరీక్షలు చేసి చివరికి మిగిలిన చెత్తబుట్ట పేరుగా పెట్టకూడదు.

దీనికి పూర్తి వ్యతిరేకంగా ఉండేది రెండు చెవులూ ఒకేసారి దెబ్బతినడం. జెంటామైసిన్ లాంటి మందుల వల్ల ఇది రావచ్చు. రెండు వైపులా సమానంగా పడిపోతుంది కాబట్టి గది తిరగదు. నడిస్తే ఎదుటి దృశ్యం ఊగుతుంది, చీకట్లో అడుగు తడబడుతుంది. వర్టిగో లేదని చెబుతున్నారు కదా అని చెవిని వదిలేస్తారు. వీహెచ్‌ఐటీ గానీ కెలోరిక్ గానీ చేస్తే క్షణాల మీద తేలిపోయే జబ్బు ఇది. లేచి నిలబడినప్పుడే కళ్లు తిరిగేవారికి కావాల్సింది మాత్రం బీపీ మిషనే. పడుకున్నప్పుడు, లేచిన మూడు నిమిషాలలోపు బీపీ చూడాలి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ తగ్గితే కారణం అక్కడ ఉంది. కూర్చోబెట్టి ఒక్కసారి చూసిన బీపీ దీన్ని చెప్పదు.

పరీక్షకు వెళ్లేముందు వాడుతున్న మందుల సంగతి చూసుకోవాలి. తల తిరుగుడు తగ్గించే మాత్రలు కంటి కదలికలను అణిచి ఫలితాన్ని తారుమారు చేస్తాయి. అందుకే కెలోరిక్ లాంటి పరీక్షలకు సాధారణంగా 48 గంటల ముందు, డాక్టరు సలహాతో, వాటిని ఆపమంటారు. బీపీ, గుండె, మూర్ఛ మందులు మాత్రం ఆపకూడదు. తల తిరుగుడు మాత్రలను వారాల తరబడి వాడితే ఒక చెవి లోటును సర్దుకునే పనిలో మెదడు వెనకబడుతుంది కూడా.

దాడి ఉన్నప్పుడు కనిపించే నిస్టాగ్మస్ ఆసుపత్రికి చేరేలోపు పోతుంది. దీనికి ఇంట్లోవాళ్లు చేయగలిగిన సాయం ఒకటుంది. ఆ సమయంలో రోగి కళ్లు తెరిచి తిన్నగా, తర్వాత కుడికి, ఎడమకు చూస్తుండగా ఫోన్‌లో దగ్గర నుంచి, వెలుతురులో వీడియో తీయాలి. రెండు కళ్లూ కనిపించాలి, ఒక్కో వైపు కనీసం పది సెకన్లు ఉండాలి. ఏ భంగిమలో ఉన్నారో, ఎంతసేపటికి ఆగిందో నోటితో చెబుతూ తీస్తే ఇంకా మంచిది. వర్టిగో ఆగకుండా ఉండి, మాట తడబడినా, వస్తువులు రెండుగా కనిపించినా, మింగడం కష్టమైనా, ఆసరా లేకుండా కూర్చోలేకపోయినా వీడియో కోసం ఆగకుండా వెంటనే స్ట్రోక్ చికిత్స ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మిగతా దాడుల్లో మాత్రం ఆ చిన్న వీడియో, దాడి ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగిందో రాసిన కాగితం చేతిలో ఉంటే, ఏ పరీక్ష రాయాలో, ఏది అక్కర్లేదో డాక్టరు అక్కడే తేల్చుకోగలుగుతారు.